గృహప్రవేశానికి రావాల్సిందేనని పట్టుబట్టింది నేనే

అత్తాపూర్ నుంచి 31 ఏళ్ల పాఠకురాలు రాశారు. భర్త ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, అంటే నేల మీద నుంచి విమానాలకి దారీ ఎత్తూ చెప్పే ఉద్యోగి. ఐదేళ్ల పాప ఉంది. సంఘటన ఏ రోజు జరిగింది, ఏ విమానాలు అన్న వివరాలు ఆమె రాశారు కానీ నేను కావాలనే తీసేశాను.

కొన్ని వారాల క్రితం నల్లగొండలో ఆమె అన్నయ్య కొత్త ఇంటి గృహప్రవేశం. ముహూర్తం తెల్లవారుజామున. దానికి ముందురోజు పొద్దున భర్త నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చారు. ముహూర్తం నాటి మధ్యాహ్నం మళ్లీ డ్యూటీ ఉంది. "నువ్వూ పాపా వెళ్లి రండి, నేను పడుకుంటాను" అన్నారట. "మీరెప్పుడూ ఇంతే, మావాళ్ల ఇంట్లో ఏ కార్యానికీ రారు" అని ఈమె పట్టుబట్టారు. మాటా మాటా పెరిగింది. పగలు కాసేపు పడుకుని, సాయంత్రం ఆయనే కారు నడిపి తీసుకెళ్లారు. రాత్రంతా చుట్టాల సందడి. తెల్లారుజామున పాలు పొంగించడం, వ్రతం, టిఫిన్లు. మళ్లీ కారు. అటునుంచి అటే డ్యూటీకి.

ఆ సాయంత్రం, అప్పుడే టేకాఫ్ అయి పైకి వెళ్తున్న ఒక విమానాన్ని ఆయన 7 వేల అడుగుల దగ్గర ఆగమన్నారు. 8 వేల అడుగుల ఎత్తులో ఇంకో విమానం దిగడానికి వస్తోంది. పైలట్ ఆదేశాన్ని తిరిగి చెప్పేటప్పుడు (దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు) 8 వేలు అన్నాడు. ఈయన ఆ తేడా పట్టుకోలేదు. రెండు కాక్‌పిట్లలోనూ హెచ్చరిక మోగి, విమానాలు ఒకటి పైకి, ఒకటి కిందికి తప్పుకున్నాయి. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. రెండిట్లో కలిపి మూడు వందల మందికి పైగా ఉన్నారు.

ఇప్పుడు ఆయన్ని రాడార్ ముందు కూర్చోనివ్వడం లేదు. విచారణ జరుగుతోంది. "రీడ్‌బ్యాక్ మిస్సయ్యాను" అని మాత్రమే రాసిచ్చారు. నిద్ర లేని సంగతి రాయలేదు, ఎక్కడా అనొద్దని భార్యకు కూడా చెప్పారు. అర్ధరాత్రి లేచి ఫోన్‌లో విమానాల యాప్ పెట్టుకుని ఎత్తులు చూస్తూ కూర్చుంటున్నారు. అన్నం సరిగా తినడం లేదు. ఖమ్మం నుంచి వచ్చిన అత్తగారు "ఆ ఇంట్లో అడుగుపెట్టిన వేళ మంచిది కాదు" అంటూ పూజలు, తైలాభిషేకం అంటున్నారు. ఈమె తండ్రేమో ఆ ఉద్యోగం మానేసి బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. ఒకసారి భర్త "ఆ కుర్చీలోనే కాదు, నేను అసలెక్కడా ఉండకూడని మనిషిని" అన్నారట.

"నిజం చెప్పమని ఆయన్ని అడగాలా? లేక నేనే వెళ్లి వాళ్ల ఆఫీసర్‌తో, తప్పు నాది అని చెప్పాలా? ఉద్యోగం మానిపించాలా? ఆ మూడు వందల మంది నా కలలోకి వస్తున్నారు" అని ముగించారు.

* * *

అమ్మా, మీ ప్రశ్నల సంగతి తర్వాత చూద్దాం. "ఎక్కడా ఉండకూడని మనిషిని" అన్న ఆయన మాటని మీరు అత్తగారి మాటకీ నాన్నగారి సలహాకీ మధ్యలో పెట్టి దాటేశారు. నేను దాటలేకపోతున్నాను. అది నిస్పృహలో ఊరికే వచ్చిన మాటే కావచ్చు. కాకపోవచ్చు కూడా. తెలుసుకోవడానికి ఒకటే దారి, అడగడం. పాప పడుకున్నాక పక్కన కూర్చుని, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. చాలాసార్లు అడిగినందుకే మనిషి ఊపిరి పీల్చుకుంటాడు.

అవునన్నా, జవాబు చెప్పకుండా తల తిప్పుకున్నా, ఆయన్ని ఒంటరిగా వదలకండి. ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416 కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మీరైనా చేయవచ్చు, ఆయనే చేయాలని లేదు. హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరు ఎత్తితే జోకు అయిపోతుంది కాబట్టి మీ ఇంట్లో ఎవరో ఒకరు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

ఆయన కాదని నమ్మకంగా చెప్పినా డాక్టర్‌ని కలవడం అవసరమే. వారాల తరబడి నిద్రలేదు, తిండిలేదు, జరిగినదాన్నే మనసులో మళ్లీ మళ్లీ తిప్పుకుంటున్నారు. ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లకపోవడానికి కారణం సిగ్గు ఒక్కటే కాదు, మెడికల్ ఫిట్‌నెస్ పోతుందన్న భయం. కంట్రోలర్లకి కూడా పైలట్ల లాగే వైద్య పరీక్ష ఉంటుంది, మందులు వాడితే చెప్పాలి. కొంతకాలం అన్‌ఫిట్ అని రాయవచ్చు. ఆ భయం ఉత్తిది అని నేను అనను. కానీ ప్రస్తుతం ఆయన ఎలాగూ రాడార్ ముందు లేరు. చికిత్సకి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి ఇవ్వడం మాత్రం వద్దు. వెళ్లిన డాక్టర్‌కి ఆయన చేసే పని ఏమిటో మొదటే చెప్పండి.

ఇప్పుడు ఆ సాయంత్రం సంగతి. మీ ఉత్తరం చదువుతుంటే, మీరు ఫంక్షన్‌కి రమ్మన్నారు కాబట్టి మూడు వందల మంది చావబోయారు అన్నట్టుంది. మధ్యలో ఉన్నవన్నీ మీరు తీసేశారు.

ఎత్తు చెప్పినప్పుడు పైలట్ దాన్ని తిరిగి చెప్పాలి, కంట్రోలర్ విని సరిచూడాలి. మనిషి తప్పు వింటాడు, తప్పు పలుకుతాడు అని ముందే తెలిసి పెట్టుకున్న పద్ధతి ఇది. ఆ రోజు మొదట తప్పింది పైలట్ నోట, రెండోసారి తప్పింది మీవారి చెవిలో. మనం వినబోయే మాట మనకి ముందే తెలిసినప్పుడు, వేరే మాట పలికినా తెలిసిన మాటే వినిపిస్తుంది. నిద్ర చాలిన కంట్రోలర్లకి కూడా ఇది జరుగుతుంది, అందుకే విమానయానంలో ఈ పొరపాటుకి ప్రత్యేకంగా పేరే ఉంది. నిద్రలేమి దాన్ని ఇంకా సులువు చేస్తుంది.

కాక్‌పిట్లలో మోగిన హెచ్చరిక కూడా అదృష్టం కాదు. ఆ పరికరాన్ని టీకాస్ అంటారు. నేల మీది రాడార్‌తో, కంట్రోలర్‌తో పని లేకుండా రెండు విమానాల పరికరాలు వాటిలో అవే సమాచారం పంచుకుని, ఒకదానికి పైకి పొమ్మనీ ఇంకోదానికి కిందికి పొమ్మనీ చెబుతాయి. సాధారణంగా ఆ మాట వచ్చేసరికి ఢీకొనడానికి అర నిమిషం అటూ ఇటూగా మిగిలి ఉంటుంది. ఆ క్షణంలో కంట్రోలర్ ఏం చెప్పినా పక్కన పెట్టి పైలట్ దాని మాటే వినాలి.

మన దేశంలో అది తప్పనిసరి కావడం వెనక పెద్ద విషాదం ఉంది. 1996 నవంబర్ 12న ఢిల్లీలో టేకాఫ్ అయి పైకి వెళ్తున్న సౌదీ విమానాన్ని, దిగడానికి వస్తున్న కజకిస్థాన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర ఢీకొంది. 349 మంది పోయారు. కజక్ విమానం 15 వేల అడుగుల దగ్గర ఉండాల్సింది, ఇంకా కిందికి వచ్చేసింది. జస్టిస్ లహోటి విచారణ ఆ సిబ్బంది పొరపాటుని గుర్తించి అక్కడే ఆగిపోలేదు. అప్పట్లో ఢిల్లీకి వచ్చే విమానాలకీ వెళ్లే విమానాలకీ ఒకటే దారి ఉండేది. ఆ తర్వాత దారులు వేరయ్యాయి, టీకాస్ తప్పనిసరి అయింది.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు ఆ విమానాల మధ్య ఉన్నది మీరూ మీవారూ మాత్రమే కాదు. మీరు ఫంక్షన్‌కి పిలిచారు. వెళ్లాలని ఆయన నిర్ణయించుకున్నారు. నిద్ర లేకుండా కూర్చోకూడదని మీకంటే ఆయనకి బాగా తెలుసు. పైలట్ అంకె మార్చాడు. పక్కవాళ్లెవరూ గమనించలేదు. చివరికి అలాంటి సమయానికని పెట్టిన పరికరం తన పని చేసింది.

అలాగని మీ వైపు ఏమీ లేదని కూడా అనను, అంటే మీరే నమ్మరు. నైట్ డ్యూటీ చేసి పగలు ఇంట్లో ఉన్న మనిషిని మన ఇళ్లలో ఖాళీగా ఉన్నట్టే లెక్కేస్తాం. గ్యాస్ బండ వస్తుంది, తీసుకోండి. స్కూల్ వ్యాన్ రాలేదు, పాపని తీసుకురండి. కరెంటు వాడు వచ్చాడు, లేవండి. పగటి నిద్ర అసలే తక్కువ పడుతుంది, పట్టినా రాత్రి నిద్రతో సమానం కాదు. 17 గంటలు వరసగా మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1990లలోనే ప్రయోగాల్లో తేలింది. మన దేశంలో బండి నడపడానికి ఉన్న హద్దు 0.03 శాతం. కంట్రోలర్లకి బ్రెత్ అనలైజర్ పరీక్షలున్నాయి కానీ నిద్రని ఊది చూపించే యంత్రం లేదు. ఆ రోజు ఆయన డ్యూటీకి వెళ్లేటప్పటికి ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నారో మీకు తెలుసు. నల్లగొండ నుంచి కారు నడిపించడం ఎంత ప్రమాదమో అయితే మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. నాకు ఆ ప్రయాణమే ఎక్కువ భయం వేసింది. వెనక సీట్లో పాప కూడా ఉంది కదా.

కాబట్టి ఆయనకి మీరు చెప్పాల్సిన క్షమాపణ ఒకటుంది: "మీరు పడుకుంటానన్నప్పుడు నేను వినలేదు" అని. అంతవరకే. మూడు వందల ప్రాణాల లెక్క మీ నెత్తిన వేసుకుని ఆయన ముందు ఏడిస్తే, ఇప్పుడున్న దాని మీద మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆయనకి పడుతుంది.

విచారణలో చెప్పాలా వద్దా అన్నది నిజంగా గట్టి ప్రశ్న. మీరే వెళ్లి ఆఫీసర్‌తో చెప్పడం మాత్రం వద్దు. ఆయన దాచిన సంగతిని భార్య బయటపెట్టిందని అవుతుంది. ఉద్యోగం సంగతి అటుంచి, ఇంట్లో ఆయన నమ్మే మనిషి ఒక్కరూ మిగలరు. పైగా "తప్పు నాది" అంటే విచారణకి అదేం ఉపయోగపడదు, వాళ్ల రికార్డులో మీరు లేరు.

ఇక ఆయన ముందు రెండు దారులున్నాయి.

మొదటిది, ఇప్పటికి రాసిచ్చినదాని మీదే ఉండటం. బహుశా రీడ్‌బ్యాక్ పట్టుకోలేదని తేలుస్తారు, మళ్లీ ట్రైనింగ్ ఇస్తారు, పరీక్షించి సీటులో కూర్చోబెడతారు. బయటికి అంతా సర్దుకుంటుంది. కానీ రాసిన దానిలో నిద్ర లేదు కాబట్టి ట్రైనింగ్ కూడా చెవికే ఇస్తారు, నిద్ర సంగతి అలాగే ఉంటుంది. తను అజాగ్రత్త మనిషినని కాగితం మీద ఒప్పుకుని, అసలు కారణం గొంతులో పెట్టుకుని ఆయన మళ్లీ అదే మైకు ముందు కూర్చోవాలి. ఇంకో చిన్న సంగతి. తెల్లారుజామున పాలు పొంగుతుంటే వెనక నిలబడ్డ ఆయన ఫోటో మీ బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈపాటికి ఉండే ఉంటుంది. అది ఎవరో తవ్వి తీస్తారని బెదిరించడం లేదు. ఎవరైనా తీస్తారేమోనని ఆయన రోజూ అనుకుంటూ ఉంటారు, దాని గురించి అంటున్నాను.

రెండోది, అదనంగా ఒక స్టేట్‌మెంట్ ఇవ్వడం. అంతర్జాతీయ పౌర విమానయాన నియమాలూ, మన దేశంలో 2017లో వచ్చిన నిబంధనలూ ఒకే మాట చెబుతాయి: విమాన సంఘటనల దర్యాప్తు మళ్లీ జరగకుండా చూడటానికే, తప్పు ఎవరిదో తేల్చి నింద వేయడానికి కాదు. కాగితం మీద ఉన్నంత మంచిగా ఆఫీసులు ఉండవని నాకూ తెలుసు. "నిద్ర లేకపోతే ముందే ఎందుకు చెప్పలేదు" అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే డ్యూటీకీ డ్యూటీకీ మధ్య విశ్రాంతికి సమయం ఇచ్చారు, ఆయనే వాడుకోలేదు. మెమో రావచ్చు, సీటుకి తిరిగి రావడం ఆలస్యం కావచ్చు. ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. ఒకటి మాత్రం ఖాయం. ముందు ఇచ్చిన దానికి ఆయనే వచ్చి జోడించడం వేరు, తర్వాత ఇంకెవరో కనిపెట్టడం వేరు.

నన్నడిగితే రెండో దారి వైపే నా మొగ్గు. కారణం నీతి కాదు. ఇలాంటి చోట్ల చెప్పని సంగతి వల్లే ప్రమాదం అలాగే మిగిలిపోతుంది. 2022 జనవరి 7న బెంగళూరులో రెండు విమానాలు పక్కపక్క రన్‌వేల నుంచి దాదాపు ఒకేసారి లేచి, ఒకదాని వైపు ఒకటి వెళ్లాయి. రెండిట్లో 426 మంది ఉన్నారు. రాడార్ కంట్రోలర్ చూసి చెరో పక్కకి తిప్పడంతో తప్పింది. ఆ సంగతి లాగ్‌బుక్‌లో ఎక్కలేదని, వెంటనే రిపోర్టు కాలేదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులు చెప్పినట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ప్రమాదం తప్పింది కదా అని ఊరుకుంటే మళ్లీ అదే చోట అదే జరగడానికి దారి తెరిచి ఉంచినట్టే. 2002 జులై 1న జర్మనీలోని ఉబెర్లింగెన్ మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 71 మంది పోయినప్పుడు కూడా మొదట అందరి చూపూ ఒక్క కంట్రోలర్ మీదే పడింది. విచారణ లోతుకి వెళ్తే కదా, సహోద్యోగి విశ్రాంతికి వెళ్లగా అతను ఒక్కడే రెండు తెరలు చూస్తున్నాడనీ, ఫోన్ లైన్లు మరమ్మతులో ఉన్నాయనీ, హెచ్చరిక వ్యవస్థ పూర్తిగా పని చేయడం లేదనీ బయటపడింది. టీకాస్ మాట ముందా, కంట్రోలర్ మాట ముందా అన్న గందరగోళానికి స్పష్టమైన నియమం వచ్చింది కూడా ఆ ప్రమాదం తర్వాతే.

అయితే ఆ నిర్ణయం ఆయనది, అది కూడా ఈ రాత్రికి తీసుకోవాల్సింది కాదు. ముందు నిద్ర, డాక్టర్. తర్వాత కంట్రోలర్ల సంఘమైన గిల్డ్‌లో అనుభవం ఉన్న సీనియర్ ఒకరితో మాట్లాడమనండి. అదనపు స్టేట్‌మెంట్ ఎప్పుడు ఇవ్వాలి, ఎలా రాయాలి అన్నది నాకంటే వాళ్లకి తెలుసు. ఇలాంటి సంఘటన తర్వాత తోటి కంట్రోలర్లే కూర్చుని మాట్లాడే పీర్ సపోర్ట్ లాంటిది వాళ్ల దగ్గర ఉందేమో కూడా అడగమనండి. ఆయన మీతో చెప్పలేనిది, అదే మైకు ముందు కూర్చున్న ఇంకో మనిషికి సగం చెప్పేసరికే అర్థమవుతుంది. మీరు చేయగలిగింది, "ఆ మాట ఎక్కడా అనకు" అన్న ఆంక్షని ఇద్దరి మధ్య నుంచి తీసేయడం. "నేను ఎవరికీ చెప్పను. కానీ మనిద్దరం మాట్లాడుకుందాం" అనండి చాలు.

ఉద్యోగం మానడం గురించి. విచారణ నడుస్తుండగా రాజీనామా ఇస్తే దాన్ని అందరూ ఒకేలా అర్థం చేసుకుంటారు, ఆయన కూడా. తేలాక, ఆరోగ్యం కుదుటపడ్డాక ఆలోచించవచ్చు. అప్పటికీ మైకు పట్టుకోలేనంటే, వాళ్ల సంస్థలోనే రాడార్ ముందు కూర్చోనక్కర్లేని పనులుంటాయి, శిక్షణ, ప్లానింగ్, భద్రతా విభాగం లాంటివి. జీతంలో, అలవెన్సుల్లో తేడా వస్తే ఇంటి ఈఎంఐలు ఎలా అన్న లెక్క మాత్రం ఇద్దరూ కాగితం మీద వేసుకోండి. మీ నాన్నగారి మాట పెద్దమనసుతో అన్నదే కానీ, ఆయన ఈ మధ్య నోటిఫికేషన్ చూసినట్టు లేదు. బ్యాంకు పీఓ పరీక్షకి జనరల్ వాళ్లకి వయసు పరిమితి 30 ఏళ్లు.

అత్తగారిని పూజలు చేసుకోనివ్వండి. తైలాభిషేకం ఎవరికీ హాని చేయదు. ఆవిడకి కొడుకు గురించి ఉన్న టెన్షన్‌కి అదొక పని. కానీ "ఆ ఇంట్లో అడుగుపెట్టిన వేళ" అన్న మాట మీ అన్నయ్య చెవిన పడకముందే ఆపాలి, అది ఆపాల్సింది మీరు కాదు, మీవారు. కొంచెం తేరుకున్నాక ఆయన చేతే చెప్పించండి. ఈలోగా ఆవిడ అన్నప్పుడల్లా జవాబివ్వకండి.

రాత్రిపూట విమానాల యాప్ గురించి అడిగారు. ఫోన్ లాక్కోకండి. రెండు విమానాలు దగ్గరగా కనిపిస్తే ఆయన ఒళ్లు బిగుసుకుంటుందని రాశారు కదా, ఆ మాటని డాక్టర్‌కి అలాగే చెప్పండి. వాళ్లకి అది చాలా పనికొచ్చే సమాచారం.

ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకొకటి కూడా రాశారు: పాప పుట్టువెంట్రుకల మొక్కు తీర్చడానికి తిరుపతికి విమానం టికెట్లు బుక్ చేసుకున్నాం, ఆయన ఎక్కనంటున్నారు, ఒప్పించాలా అని. ఒప్పించొద్దు. ఈసారికి క్యాన్సిల్ చేయండి, కొంత డబ్బు పోతే పోనివ్వండి. లింగంపల్లి నుంచి నారాయణాద్రి ఉంది, రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తేదీ పెట్టేముందు ఆయన డ్యూటీ చార్ట్ చూసుకోండి, తిరిగొచ్చాక ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉండేలా.